సుద్దాల హనుమంతు: పాటను కొలిచేదెట్లా?

సుద్దాల హనుమంతు గారు 1982 అక్టోబర్ 10న క్యాన్సర్‌తో కన్నుమూశారు. నేనప్పుడు ఘన్‌పూర్‌లో ఆరో తరగతి. ఆయన పోయిన సంగతి మా తరగతిలో ఎవరికీ తెలియదు. ఆయన కట్టిన పాట మాత్రం మాలో సగం మందికి నోటికి వచ్చు. పసులు కాసే జీతగాడి పాట అది. ఎవరు రాశారని అడగాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. బతుకమ్మ పాట ఎవరు రాశారని అడుగుతామా? ఇదీ ఊరి పాటే అనుకున్నాం. పాట ముందుకు పోయింది, పేరు వెనక నిలిచిపోయింది.

ఈ సంచికకు మన చుట్టుపక్కల పెద్దవాళ్ళలో ఒకరి జీవితం రాయమని సంపాదకులు అడిగారు. బమ్మెర పోతన్నను, పాల్కురికి సోమనాథుణ్ణి, చాకలి ఐలమ్మను మిత్రులు ముందే పంచేసుకున్నారు. హనుమంతు గారిని నేను మిగిలినందుకు తీసుకోలేదు, అడిగి తీసుకున్నాను. కారణం మన సంఘంలోనే ఉంది.

మూడేళ్ళుగా వేసవి సెలవుల్లో బడి పిల్లలూ, బడి దాటి ఇంటరూ డిగ్రీ చదువుతున్నవాళ్ళూ కలిసి నడుపుకుంటున్న కళాబృందానికి మన సంఘం కొంత డబ్బు ఇస్తున్నది. పాట, డప్పు, కోలాటం, వీధి నాటకం, ఏది చేయాలో వాళ్ళే ఎంచుకుంటారు, ఒకరికొకరు నేర్పుకుంటారు. పెద్దవాళ్ళం తాళంచెవి ఇచ్చి పక్కకు జరుగుతాం, అంతే. పోయినేడు ఒక దాత సంస్థ సగం ఖర్చు భరిస్తామని ముందుకొచ్చి, వెంట ఒక ఫారం పంపింది. ఎన్ని ప్రదర్శనలు, ఎంతమంది చూశారు, ఎంతమందిలో మార్పు వచ్చింది, ఆ మార్పు ఎంత శాతం. పిల్లలు మొదటి రెండు గడులు నింపారు. మూడోదాని దగ్గర ఆగిపోయి, ఇంజనీరు సారుకు లెక్కలు తెలుస్తాయని నా దగ్గరకు తెచ్చారు.

ఆ ఫారం మన కార్యవర్గంలో కూడా చర్చ లేపింది. కొలవలేని దానికి డబ్బు దేనికి, అదే సొమ్ముతో బడికి ఇంకో రెండు కంప్యూటర్లు రావా అని కొందరు. కళను కొలవాలనుకోవడమే తప్పు అని ఇంకొందరు. ముప్పై ఏళ్ళు సాగునీటి పనుల్లో గడిపినవాణ్ణి, రెండో మాట నేను ఒప్పుకోలేను. ఎం.బుక్కులోకి ఎక్కని పనికి బిల్లు లేదు. కానీ ఏది కొలవాలో, ఎప్పుడు కొలవాలో తేల్చుకోకుండా టేపు పట్టుకున్నవాడు ఎలాంటి అంకెలు రాస్తాడో కూడా నాకు తెలుసు. ఈ గొడవలో నాకు దారి చూపింది హనుమంతు గారి జీవితం.

ఆయన పుట్టింది పాత నల్లగొండ జిల్లా మోత్కూరు దగ్గర పాలడుగులో, ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్ళలో. పేద పద్మశాలి కుటుంబం. తండ్రి ఆయుర్వేద వైద్యం చేసేవారు. తర్వాత కుటుంబం సుద్దాలలో స్థిరపడింది, ఆ ఊరి పేరే ఆయనకు ఇంటిపేరులా నిలిచింది. అప్పట్లో జనగామ కూడా నల్లగొండ జిల్లాలో ఒక తాలూకానే. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు సుద్దాల ఉన్న గుండాల మండలాన్ని మొదట జనగామ జిల్లాలో కలిపి, తర్వాత యాదాద్రి భువనగిరికి మార్చారు. కొద్దికాలమైనా ఆయన ఊరు మన జిల్లాలో ఉన్నట్టు సర్కారు కాగితమే చెబుతున్నది కనుక, మనవాడని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

వయసులో ఉండగా ఆయన హైదరాబాదు వెళ్ళి వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగం చేశారు. ఆర్యసమాజం గాలి తగిలింది అక్కడే. ఆ ఉద్యోగం వదిలేసి ఊరికి తిరిగొచ్చారు. నిజాం రాజ్యంలో సర్కారు కొలువు వదులుకోవడమంటే ఆ రోజుల్లో పిచ్చి పని. తిరిగొచ్చిన ఊళ్ళో ఏముంది? వెట్టి ఉంది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, గొల్ల, అందరూ దొర గడీకి వంతులవారీగా ఊరికే చేయాల్సిన చాకిరీ. అప్పుకింద తండ్రి జీతముంటే, తండ్రి తర్వాత కొడుకు. విసునూరు దేశ్‌ముఖ్ పేరు చెబితే జనగామ తాలూకాలో పిల్లలు ఏడుపు ఆపేవాళ్ళని మా నాయనమ్మ చెప్పేది.

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన పదకొండో ఆంధ్ర మహాసభ జరిగింది. సభ్యత్వ రుసుం ఒక అణాకు దించారు. చదువుకున్నవాళ్ళ సభ కాస్తా కూలీలూ పాలేర్లూ చేరగలిగే సంగమైంది. ఊరూరా సంగాలు లేచాయి. హనుమంతు గారు సుద్దాలలో సంగం మనిషయ్యారు. అయితే ఉపన్యాసం ఆయన ఆయుధం కాదు, పాటే ఆయన ఆయుధం.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఆయన పనితనమంతా ఇక్కడే ఉంది. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. ముందు అనుమతి లేకుండా సభ పెట్టడానికి వీల్లేదు. కానీ రాత్రి పొద్దుపోయాక గొంగడి భుజాన వేసుకుని, చేతికర్రతో, కాళ్ళకు గజ్జెలతో నలుగురు వచ్చి గొల్ల సుద్దులు చెబితే అది సభ అవుతుందా? ఊళ్ళు తరతరాలుగా చూస్తున్న ఆట అది. ఒకడు కథ ఎత్తుకుంటాడు, పక్కవాడు తెలియనట్టు అడ్డు ప్రశ్న వేస్తాడు, ఇంకొకడు వెటకారం చేస్తాడు, మొదటివాడు విడమరిచి చెబుతాడు. జనం నవ్వుతారు. నవ్వుతూనే ప్రశ్న వింటారు. బుర్రకథలోనూ ఇదే కీలకం. తంబుర పట్టుకున్న కథకుడికి చెరో పక్క గుమ్మెటలతో ఇద్దరు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. చూసేవాడి మనసులో మెదిలే అనుమానాన్ని వంతపాటగాడే అడిగేస్తాడు. పల్లె జనానికి తెలిసిన ఈ ఆటల్లోకి, తెలిసిన బాణీల్లోకి హనుమంతు గారు కొత్త సంగతి ఎక్కించారు. మా శాఖ భాషలో చెప్పాలంటే కొత్త కాలువ తవ్వలేదు, పాత కాలువ పూడిక తీసి నీళ్ళు వదిలారు. అందుకే ఖర్చు తక్కువ, పారకం ఎక్కువ. బాణీ ముందే వచ్చు కాబట్టి ఒక్కసారి వింటే చాలు, తెల్లారేసరికి పొలంలో కలుపు తీసేవాళ్ళ నోట ఉండేది. సుద్దులకూ సుద్దాలకూ ఏమైనా చుట్టరికం ఉందేమో నాకు తెలియదు గానీ, తలుచుకున్నప్పుడల్లా ముచ్చటగా ఉంటుంది.

ఆ దళాల్లో పాడినవాళ్ళు ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న కుర్రవాళ్ళు. హనుమంతు గారు ముప్పై దాటినవారు, వాళ్ళకు పెద్దన్న లాంటివారు. అటు కోస్తాలో ప్రజానాట్యమండలి 1943లో మొదలైంది. బుర్రకథకు కొత్త ప్రాణం పోసిన షేక్ నాజర్ 1920లో పుట్టినవారు, అంటే ఆయనకూ అప్పటికి పాతిక నిండలేదు. తెలంగాణ రైతుల కథతో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో మా భూమి నాటకం రాస్తే, వందకు పైగా దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ప్రభావం కొలిచే పద్ధతుల్లో ఇదొకటి అని నేను సరదాకు అనడం లేదు. ఎదుటివాడు ఎంత భయపడ్డాడన్నది కూడా ఒక కొలతే. కాకపోతే అది మన ఫారంలో లేదు, ఉండాలని నేను కోరుకోను కూడా.

ఇప్పుడు ఆ జీతగాడి పాట సంగతి. అది మీకందరికీ తెలుసు కాబట్టి పంక్తులు రాయను. ఏమి చేస్తుందో మాత్రం చెబుతాను. పశువుల వెంట తిరిగే ఒక పిల్లవాణ్ణి పలకరిస్తుంది. పాలు తాగడం మరిచి ఎన్నాళ్ళయిందని అడుగుతుంది. ఒంటి మీది చినిగిన అంగీని, చెప్పుల్లేని కాళ్ళను చూస్తుంది. ఇంతవరకూ జాలి. ఇక్కడ ఆగిపోయి ఉంటే అలాంటి పాటలు మనకు చాలా ఉన్నాయి. కానీ పాట అక్కడ ఆగదు, జీతం దగ్గరికి వెళుతుంది. నెలకు ఎన్ని గింజలు, అందులో తాలు ఎంత కలిపారు, ఇంటికి తెచ్చి కొలుచుకుంటే ఎంత తక్కువ వచ్చింది అని లెక్క అడుగుతుంది.

చిన్నప్పుడు నాకిది పట్టలేదు. ఉద్యోగంలో చేరి, కొలత ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్ళ వైపు ఎలా ఒరుగుతుందో చూశాక పట్టింది. దొర దగ్గర తీసుకునే కుంచం ఒకటి, ఇచ్చే కుంచం ఇంకొకటి ఉండేవని మన పెద్దవాళ్ళు చెప్పే మాటే. కుంచం దొరది, కొలిచేవాడు దొర మనిషి, తీసుకునేవాడికి తిరిగి కొలుచుకునే హక్కు ఉందన్న ఆలోచనే లేదు. అలాంటి చోట పసులకాపరి చేతికి కుంచం ఇచ్చిందీ పాట. సంగాల కోరికల్లో వెట్టి రద్దుతో పాటు కూలి పెంపు, జీతాల పెంపు కూడా ఉన్నాయి. ఆ కోరిక పెట్టాలంటే ముందు ఎంత తక్కువ వస్తున్నదో తెలియాలి కదా.

అయితే ఈ పాట వల్లనే ఉద్యమం వచ్చిందని నేను అనను. అలా రాసేవాళ్ళున్నారు, నేను వాళ్ళ వెంట వెళ్ళను. 1946 జూలై 4న మన దేవరుప్పుల దగ్గరి కడవెండిలో ఊరేగింపు మీద గడీ నుంచి కాల్పులు జరిగి దొడ్డి కొమురయ్య చనిపోయాడు. పాలకుర్తిలో ఐలమ్మ పంటను దొర గూండాలకు దక్కనివ్వలేదు. లెవీ గింజల జులుం, అప్పులు, బేదఖళ్ళు, 1947 తర్వాత రజాకార్లు. ఇన్ని కారణాలున్నాయి. పోరాటం ఉచ్చదశలో మూడు వేల గ్రామాల్లో సంగం నడిచిందని, పది లక్షల ఎకరాలు పంచారని, నాలుగు వేల మంది ప్రాణాలిచ్చారని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో లెక్కలిచ్చారు. అందులో పాట వాటా ఎంత? మన ఘన్‌పూర్ రిజర్వాయరు కట్ట మీద నిలబడి, ఇందులో వాన నీరెంత, దేవాదుల నుంచి ఎత్తిపోసిన గోదావరి నీరెంత అని అడిగినట్టుంటుంది. కలిశాక విడదీయలేం. పంపు దగ్గర మాత్రం చెప్పగలం, అక్కడ మీటరు ఉంటుంది. కొలవాలంటే నీళ్ళు కలవకముందే, వచ్చే దారిలో కొలవాలి.

ఎప్పుడు కొలవాలన్నది ఇంకో చిక్కు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, నిజాం లొంగిపోయాడు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. మధ్యలో ఉద్యమకారుల మీద వేట సాగింది. హనుమంతు గారూ అజ్ఞాతంలో తిరిగారు. పంచిన భూముల్లో చాలా భాగం మళ్ళీ పాతవాళ్ళ చేతుల్లోకి పోయాయి. 1952లో ఎవరైనా ఫారం పట్టుకుని సుద్దాల వెళ్ళి ఉంటే ఏమి రాసుకునేవాళ్ళు? దళం చెదిరిపోయింది, ప్రదర్శనలు లేవు, కవికి ఆస్తి లేదు, జీతగాళ్ళు ఇంకా జీతాల్లోనే ఉన్నారు. ప్రభావం శూన్యం. కాంక్రీటు క్యూబును ఏడు రోజులకు నొక్కి చూస్తే వచ్చే బలం వేరు, ఇరవై ఎనిమిది రోజులకు వచ్చేది వేరు. ఏడో రోజు అంకె చూసి శ్లాబు పగలగొట్టమని ఏ ఇంజనీరూ చెప్పడు.

హనుమంతు గారు ఆ తర్వాత ముప్పై ఏళ్ళు సుద్దాలలో సాదాసీదాగా బతికారు. పాటల నుంచి సొమ్ము రాలేదు. వీర తెలంగాణ అని ఒక యక్షగానం రాశారు. చిన్ననాటి నుంచి ఊరి యక్షగానాలు చూసి పెరిగిన మనిషి తన కాలపు కథను ఆ రూపంలోకే తిప్పడం నాకు సహజంగా తోస్తుంది. పాటలు మాత్రం ఆయన్ను అడగకుండానే తిరుగుతూ పోయాయి. జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు ఆ పోరాట కాలపు పాటలను జనం నోటి నుంచి సేకరించి భద్రం చేశారు. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాణంలో మా భూమి సినిమా తీశారు. పేరు ఒకటే గానీ ఇది పాత నాటకం కాదు, కృషన్ చందర్ ఉర్దూ నవల దీనికి ఆధారం. అందులో జీతగాడి పాట పెట్టారు. కొమురయ్య ఊరేగింపు నాటి కోపాన్ని పాటగా కట్టిన బండి యాదగిరి పాటను గద్దర్ పాడింది కూడా ఆ సినిమాలోనే. ముప్పై అయిదేళ్ళ కింద ఊరి నడిమధ్య పుట్టిన పాట, వెండితెర మీదికి ఎక్కి, మళ్ళీ ఊళ్ళకే తిరిగొచ్చింది. మేం ఆరో తరగతిలో పాడింది ఈ రెండో రాకడ వల్లే. ఆయన ఇది చూసి పోయారన్నది నాకు తృప్తి.

మా బడిలో జరిగిన ఒక సంగతి ఇక్కడ రాయాలి. ఎనిమిదో తరగతిలో వార్షికోత్సవానికి మేం ఆ పాటకు అభినయం చేశాం. జీతగాడి వేషం వేసినవాడు మాలో అందరికంటే బాగా చేశాడు, ముందు వరుసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ప్రదర్శన ఒకటి, ప్రేక్షకులు మూడు వందల మంది అనుకోండి, స్పందన నూటికి నూరు శాతం. ఆ ఎండాకాలం గడిచి బడి తెరిచేసరికి వాడు రాలేదు. పక్క ఊళ్ళో ఒక ఆసామి దగ్గర జీతం కుదిరాడు. వాళ్ళ నాయనకు అప్పుంది. కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో ఆ ఆసామి ఇంటివాళ్ళు కూడా ఉన్నారు.

ఇది చెబితే ఇదిగో చూశారా, పాటల వల్ల ఏమీ కాదు అనేవాళ్ళుంటారు. కాదనను. ఒక్క పాట ఒక అప్పును తీర్చదు. ప్రేక్షకుల కన్నీళ్ళను ప్రభావం కింద రాసుకుంటే ఎంత మోసపోతామో చెప్పడానికే ఇది రాశాను. వాడు నాకు ఇప్పటికీ మిత్రుడే. మొదటి ఏడు జీతం గింజలు ఇంటికి తెచ్చిన రోజు వాళ్ళ అమ్మతో కలిసి మళ్ళీ కొలిచాడట, తక్కువ వస్తే వెనక్కి పోయి అడిగాడట. పాట వల్లే అడిగావా అంటే నవ్వి ఊరుకున్నాడు. దీన్ని ఏ గడిలో రాయాలి?

ప్రపంచంలో ఈ తంటా మనకొక్కరికే లేదు. వెనెజులాలో 1975లో హోసే ఆంటోనియో అబ్రేయూ పేద పిల్లలకు వాద్యసంగీతం నేర్పే ఎల్ సిస్టెమా మొదలుపెట్టారు. లక్షల మంది పిల్లలు అందులోంచి వచ్చారు. దాన్ని గట్టి పద్ధతిలో కొలిచారు కూడా. చేరదలచుకున్న దాదాపు మూడు వేల మంది పిల్లల్లో లాటరీ తీసి, కొందరిని ఆ ఏడే చేర్చుకుని, మిగతావాళ్ళను ఒక ఏడాది ఆగమని చెప్పి, ఇద్దరినీ పోల్చారు. 2017లో వచ్చిన ఫలితాల్లో 26 అంశాలకు రెండింటిలోనే తేడా కనిపించింది. పిల్లలకు తమ మీద తమకు అదుపు కొంత పెరిగింది, అల్లరిచేష్టలు కొంత తగ్గాయి. మిగతా వాటిలో ఏమీ లేదు. నాకు ఆ నివేదిక నచ్చింది. రెండే వచ్చాయని దాచిపెట్టలేదు. కానీ ఒక్క ఏడాదే కొలిచారన్నది మరిచిపోకూడదు.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా చిత్రమైనది. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. యువకులు, యువతులు కళాజాతాలతో ఊళ్ళు తిరిగారు. కొలవాల్సింది ఎంతమంది సంతకం నేర్చారన్నది. దూబగుంటలో రాత్రిబడి వాచకంలోని సీతమ్మ కథ చదివిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ కార్యక్రమం లక్ష్యాల పట్టికలో సారా అన్న మాటే లేదు. పట్టిక ప్రకారమే కొలిచినవాడికి అన్నిటికంటే పెద్ద ఫలితం కనపడదు.

హనుమంతు గారి వారసత్వం గురించి అడిగేవాళ్ళు వెంటనే ఆయన కుమారుడు అశోక్‌తేజ పేరు చెబుతారు. నిజమే. బడిపంతులుగా మొదలై సినిమా కవిగా ఎదిగి, ఠాగూర్ సినిమా పాటకు జాతీయ పురస్కారం తెచ్చుకున్నారు, ఆర్ఆర్ఆర్‌లో కొమురం భీముడి పాట ఆయనదే. తల్లిదండ్రులు హనుమంతు, జానకమ్మల పేరిట పురస్కారం కూడా ఇస్తున్నారు. ఇంటి వారసత్వం ఇలా కళ్ళకు కనిపిస్తుంది. నా లెక్కలో అంతకంటే పెద్దది, పేరు తెలియకుండా పాడుతున్నవాళ్ళది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద గొంగడి, గజ్జె, అడ్డు ప్రశ్నల ఆట మళ్ళీ కనిపించినప్పుడు, అందులో ఎంతమందికి హనుమంతు గారి పేరు తెలుసో గానీ, ఆయన పూడిక తీసిన కాలువలోనే నీళ్ళు పారాయి.

ఇక ఫారం. పిల్లలతో మూడు ఆదివారాలు కూర్చున్నాను. మూడో గడిలో, నాలుగో గడిలో అంకె రాయవద్దని చెప్పాను. దాని బదులు నాలుగు సంగతులు రాసిపెట్టే రిజిస్టరు వాళ్ళే తెరిచారు. బృందంలో పెద్దవాళ్ళు లేనప్పుడు ఎవరు పాట ఎత్తుకున్నారు. ఏ పాట ఏ ఊరికి తనంతట తాను వెళ్ళింది, అక్కడ ఎవరు మార్చి పాడుతున్నారు. పాట తర్వాత ఊళ్ళో ఎవరైనా అడిగిన కొత్త ప్రశ్న ఏమిటి. బృందంలో చేరి మానేసిన పిల్లలు ఎవరు, ఎందుకు మానేశారు. ఈ చివరిదాని మీద నేనే పట్టుబట్టాను. మానేసినవాళ్ళ పేర్లు లేని ఏ లెక్కనూ నేను నమ్మను. ఇదే రిజిస్టరును అయిదేళ్ళకు ఒకసారి, పదేళ్ళకు ఒకసారి తెరిచి అవే పిల్లల్ని మళ్ళీ అడగాలి. అప్పటికి నేను రిటైరయి ఉంటాను, అడగాల్సింది ఇప్పుడు పదో తరగతిలో ఉన్నవాళ్ళు.

పోయిన వేసవిలో తండా నుంచి నడిచి వచ్చే ఇద్దరు అమ్మాయిలు ఒక పాట కట్టారు. బాణీ పాత లంబాడీ బాణీ. ఇంటి నుంచి బడికి ఎన్ని అడుగులో నాలుగు రోజులు లెక్కపెట్టి, నాలుగు రోజుల అంకెలూ సరిపోయాక ఆ అంకెను పాటలో పెట్టారు. ఎండాకాలం ఒకటి, వానాకాలం వాగు చుట్టి వచ్చినప్పుడు ఇంకొకటి. తేడా ఎంతో చివరి చరణంలో చెబుతారు. వాళ్ళకు హనుమంతు గారి గురించి ఎవరూ చెప్పలేదు, నేను కూడా అప్పటికి చెప్పలేదు. రిజిస్టరు మొదటి పేజీలో ఈ పాటే ఉంది. ఆ దారిలో నడిచే మిగతా పిల్లలు కూడా ఇప్పుడు తమ ఇంటి నుంచి అడుగులు లెక్కపెట్టుకుని వస్తున్నారని రెండో పేజీలో రాశారు.

దాత సంస్థకు మొదటి రెండు గడులు నింపిన ఫారాన్నీ, రిజిస్టరు నకలునూ జత చేసి పంపించాం. వాళ్ళు ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే మొత్తం ఖర్చు మన సంఘమే భరించాలని ఒక ప్రతిపాదన పెట్టాను, స్వర్ణోత్సవం తర్వాత జరిగే సర్వసభ్య సమావేశంలో అది చర్చకు వస్తుంది. కంప్యూటర్ల వైపు ఉన్న మిత్రులు కూడా రావాలి. ఆ రోజు సమావేశం మొదలు కాకముందు పిల్లలు పాడతారు, రిజిస్టరు బల్ల మీద ఉంటుంది.

(రచయిత 1986-87 పదో తరగతి విద్యార్థి, సాగునీటి శాఖలో ఇంజనీరు)